గడప మీద చెప్పులు

సదాశివ సేఠ్ ఎప్పుడూ మనిషిని పంపేవాడు. పోయినవారం మనం కథ ఆపినచోట ఆయనే స్వయంగా లాలాగూడ సందులోకి వచ్చి హజీరా ఇంటి ముందు జట్కా దిగాడు. లోపల దబ్బనాలు ఆగిపోయాయి. హజీరా ఒళ్ళోని డేరా కిత్తాను గుడ్డ పక్కకు నెట్టి, వాకిలికి కట్టిన గోనె పరదా వెనక వచ్చి నిలబడింది.

ఆమెకు అంత భయం ఎందుకో మొదటి నుంచి చదువుతున్నవారికి తెలుసు. ఇవాళే ఈ ఇంట్లో అడుగుపెట్టిన వారికోసం కాస్త చెప్పాలి. హజీరా భర్త ఇమామ్ డేరాలు కుట్టించే కంట్రాక్టు మనిషి. దొరల కాలంలో కంటోన్మెంటుకు కుట్టించాడు, నిజాం ఫౌజుకు కుట్టించాడు. ఎవరి ఫౌజు వచ్చినా ఎండా వానా ఒకటే కనుక ఆ పని ఎన్నడూ ఆగలేదు. మిలిటరీతో ఒప్పందం సదాశివ సేఠ్‌ది, కుట్టు ఇమామ్‌ది. సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చిన కొద్దిరోజులకే, ఎవరో రజాకారని చూపించారట, ఇమామ్‌ను పట్టుకుపోయారు. అతను రజాకారు కాడని సందంతటికీ తెలుసు. సందును ఎవరూ అడగలేదు.

అప్పటినుంచి పని హజీరా చూసుకుంటోంది. వచ్చే సోమవారం సేఠ్ కచేరీకి వచ్చి జామీను నిలబడితే ఇమామ్ ఇంటికి వస్తాడు. నిలబడతానని సేఠ్ మాట ఇచ్చాడు. హజీరా ఆ మాట మీదనే అన్నం తింటోంది, ఆ మాట మీదనే నిద్రపోతోంది.

"హజీరమ్మా, ఉన్నవా?"

"ఉన్న సేఠ్. సలామ్. కుర్సీ ఏపిస్త, కూసోన్రి."

"కూసునేటంత నిమ్మళం నాకు ఉంచినవా నువ్వు?"

కోపం కాదు ఆ గొంతులో. కోపమైతే హజీరాకు తేలికగా ఉండేది. పెద్దమనిషి మనసు కష్టపెట్టుకున్న గొంతు అది. సెప్టెంబరులో సందులోని మగవాళ్ళందరూ తలుపులు వేసుకున్న రోజుల్లో, రెండు బస్తాల బియ్యం జట్కాలో వేసి పంపింది ఈ సేఠే. ఆ సంగతి ఆయన ఎత్తలేదు. ఆమె మరచిపోలేదు.

"ఒకటి అడుగుత. నీ తాన ఆడోళ్ళు ఎప్పటిదాక పని జేస్తరు?"

"అసర్ నమాజు దాక సేఠ్, నాలుగింటి దాక. మొదటి సంది గంతే గద."

"ఆరింటి దాక చేస్తున్రని నేను మిలిటరీ సాబుకు చెప్పొచ్చిన."

"నేను మీకు ఆరని ఎన్నడు చెప్పిన?"

"నువ్వు చెప్పలే. నీ గడప చెప్పింది."

ఇక్కడ ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. పని చేసే ఆడవాళ్ళందరూ ఘోషా పాటించేవాళ్ళు. మగవాడు లోపలికి వచ్చి చూసే వీలు లేదు. ఎంతమంది వచ్చారో, ఎంతసేపు ఉన్నారో సేఠ్ మనిషికి తెలిసేది ఎట్లా అన్న ప్రశ్న మొదట్లోనే వచ్చింది. "చెప్పులు లెక్కపెట్టుకోన్రి, పేర్లు మాత్రం అడగొద్దు" అన్నాడు ఇమామ్ నవ్వుతూ. ఆ నవ్వులాటే పద్ధతి అయింది. సేఠ్ గుమాస్తా యాదగిరి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి, మెట్టు మీది చెప్పుల జతలు చూసుకుని, మాట్లాడకుండా పోయేవాడు. హజీరా అతని గొంతు ఎన్నడూ వినలేదు. భువనగిరి పక్క ఊరతను. నిరుడు రజాకార్లు అతని ఇల్లు తగలబెట్టారని, తల్లి ఆ మంటల్లోనే పోయిందని సందులో చెప్పుకున్నారు. అది విన్ననాటి నుంచి ఇమామ్ మేనత్త రసూల్ బీ రోజూ ఒక చెంబు మజ్జిగ గడప మీద పెట్టేది. అతను తాగి, చెంబు కడిగి, బోర్లించి పోయేవాడు.

"రోజూ ఆరింటికి యాదగిరి వచ్చి చూస్తుండె" అన్నాడు సేఠ్. "చెప్పులు ఉంటుండె. నేను కుషీ అయితుంటి. పాపం, హజీరమ్మ నా మాట మన్నించి పొద్దుగూకేదాక చేయిస్తున్నదనుకున్న. మరి పని ఎందుకు పెరుగుతలేదని యాదగిరికి అనుమానం వచ్చింది. నిన్న జెర సేపు ఆగి చూసిండు. చెప్పుల మీద నీ కోడి పండుకున్నదంట. మనుషులు లోపట ఉంటే కోడి గంత నిమ్మళంగ పండుకుంటదా? ఆరింటికి నీ కార్ఖానాల డ్యూటీ జేసేది ఆ కోడి ఒక్కటే."

సందులో ఎవరో నవ్వారు. సేఠ్ నవ్వలేదు.

హజీరా వెనక్కి తిరిగి చూసింది. అంగణంలో ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. లోపల అందరూ ఉత్తకాళ్ళతోనే ఉంటారు, సాయంత్రం గడప దగ్గరికి పోయేది రసూల్ బీ ఒక్కతే కాబట్టి ఆమెకు ఇన్నాళ్ళూ తేడా తెలియలేదు. ఇప్పుడు కాళ్ళ వంక చూసింది. పగిలిన మడమలు, మురికి కాలువ దాటి వచ్చిన బురద. ఒకామె బొటనవేలికి గుడ్డపేలిక కట్టుకుంది. పొయ్యికట్టె తగిలిందని చెప్పింది మొన్న. హజీరా పసుపు కూడా అద్దింది.

మూలన కూర్చున్న రసూల్ బీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. వేరే అడగవలసిన పని లేకపోయింది. చెప్పులు విడిచి పొమ్మని ఆమే చెప్పి ఉంటుంది. సేఠ్ మెప్పు కోసం, సేఠ్ జామీను కోసం, తన ఇమామ్ కోసం. హజీరా అసర్ నమాజుకు లోపలికి పోయిన సమయంలో ఇంతమందీ ఒక్కొక్కరే ఉత్తకాళ్ళతో సందు దాటి ఇళ్ళకు పోయారు. పొద్దున అట్లాగే వచ్చారు. అందులో ఒక్కరైనా తనతో అనలేదు.

"నా తప్పే సేఠ్" అంది హజీరా. మేనత్త పేరు ఎత్తలేదు. "గని ఒక మాట వినున్రి. నేను డేరాలకు ఒప్పుకున్న, గంటలకు ఒప్పుకోలే. మావోళ్ళు కుట్టిన డేరాల ఒక్క కుట్టు ఊడిందా?"

"ఊడలే. కుట్ల సంగతి ఎవలడిగిన్రు?"

"పోయినవారం కిత్తాను ఆలస్యంగ పంపితిరి. మావోళ్ళు ఉత్తగ కూసోని గోడలు చూసిన్రు. ఆ గంటలు ఎవరి మీద ఎయ్యాలె?"

"సరుకు గూడ్సు షెడ్డుల ఇరుక్కుంటే నేనేం జేత్తునమ్మా?"

"పొద్దు తొందరగ గూకితే మేమేం జేత్తుం సేఠ్?"

అది డిసెంబరు నెల. కర్ఫ్యూ ఎత్తేసి చాలా రోజులైంది గాని, ఆ ఆడవాళ్ళ కాళ్ళ మీద నుంచి ఇంకా ఎత్తలేదు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినపడకముందే తలుపు గడియ పడకపోతే ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

హజీరా గొంతు తగ్గించింది. భర్త బేరం ఎట్లా చేసేవాడో పరదా వెనక నుంచి ఎన్నోసార్లు విన్నది. ఎదుటివాడిది కూడా కష్టమే అని ముందు ఒప్పుకునేవాడు.

"మీకు సుత మిలిటరీ వోళ్ళ తక్లీఫ్ ఉన్నది, నాకు ఎరికే. పొద్దుగాల రైల్వే కార్ఖానా కూత కాంగనే షురూ చేపిస్త. నడుమ ఇండ్లకు పోకుండ ఇక్కడనే తింటరు, నేనే రొట్టెలు చేస్త. ఇంకో ఇద్దర్ని పిలుస్త. పొద్దుమీకి ఉండే గంటలు పొద్దుగాల పడ్తయి. లెక్క సరిపోతది."

"నిన్నటి దాకనైతే గిది చాలు అందును" అన్నాడు సేఠ్. నిజంగానే అనేవాడేమో, ఆ గొంతు అట్లాగే ఉంది. "ఇయ్యాల ఎట్ల నమ్మాలె? పొద్దుగాల కూతకు వచ్చిన్రని నాకు ఎవలు చెప్పాలె, మల్ల చెప్పులేనా?"

హజీరా పరదా అంచు పట్టుకుంది.

"జామీను అంటే ఏందమ్మా? ఇమామ్ పిలిస్తే వస్తడు, పారిపోడు అని నా మెడ పెట్టి చెప్పుడు. ఆయన ఇంటి గడపనే అబద్ధమాడబట్టె. ఆయన మాట నేనెట్ల చెప్పాలె?"

ఇంతసేపూ ఆమె ఆ మాట కోసమే భయపడింది. వచ్చేసింది. వచ్చాక అంత పెద్దగా లేదు. కాళ్ళ కింద బండ చల్లగా ఉందని మాత్రం తెలిసింది.

"ఏం చేయమంటరు?"

"బోయిన్‌పల్లిల నా షెడ్డు ఉన్నది. రేపటి సంది అందరు ఆడికి రావాలె. ఎనిమిదింటికి కూసోవాలె, ఆరింటికి లేవాలె. పరదా కట్టిస్త, ఎవలు చూడరు. జట్కాలు నేనే పంపుత."

"బోయిన్‌పల్లా? సికింద్రాబాదు మొత్తం దాటి పోవాలె సేఠ్. వీళ్ళు సందు చివర బాయి కాడికే పోతలేరు."

"జట్కాల గద."

"శుక్రవారం, జుమ్మా నాడు?"

"ఆడోళ్ళు మసీదుకు పోతరా ఏంది?"

"మసీదుకు పోరు. జుమ్మా నాడే జేల్ కాడ ములాఖత్. సగం మంది మగోళ్ళు ఆడనే ఉన్నరు. ఏడు దినాలు ఆ ఒక్క పగటి కొరకే బతుకుతరు."

సేఠ్ చాలాసేపు తన చేతికర్రతో మెట్టు మీద మట్టి గీకాడు. "అందరి మగోళ్ళ సంగతి నాకు తెల్వదు" అన్నాడు చివరికి. "నేను ఒక్క ఇమామ్ సంగతే మాట్లాడుతున్న. రేపు మీరు షెడ్డుకు వస్తే సోమవారం నేను కచేరీకి వస్త. జామీనుకు ఇద్దరు కావాలె. నేనొకన్ని, యాదగిరి ఒకడు. యాదగిరీ, చెప్పరాదు హజీరమ్మకు!" అని జట్కా దగ్గర నిలబడ్డ గుమాస్తాను పిలిచాడు.

గొంతు సవరించుకున్న చప్పుడు. హజీరాకు మొదటిసారి ఆ మనిషి గొంతు వినపడింది. మెత్తని గొంతు, ప్రతి మాటా చివర కొద్దిగా తెగిపోతున్నట్టు.

"ఈ ఇల్లే గద సేఠ్. దినాం చూసే ఇల్లే. నిలబడ్త."

అంగణంలో ఎవరి చేతిలోంచో కత్తెర బండ మీద పడి ఖంగుమంది. బోయిన్‌పల్లి పేరుకే ఎవరో బెదిరారనుకుంది హజీరా. తిరిగి చూడలేదు.

"వస్తం సేఠ్" అంది.

జట్కా వెళ్ళిపోయింది. హజీరా వెనక్కి వచ్చి ఆడవాళ్ళ మధ్య నిలబడింది. విన్న మాటే అయినా మళ్ళీ చెప్పాలి కదా, చెప్పింది. రేపు ఎనిమిదింటికి షెడ్డులో ఉండాలని, ఆరు దాకా లేవగూడదని, జుమ్మా సంగతి తరవాత చూద్దామని. చెబుతుంటే తన గొంతులో సేఠ్ గొంతు వినిపించింది. అదే ఓపిక. ఎదుటివాళ్ళ మీద జాలిపడుతూనే వాళ్ళకు దారి లేకుండా చేసే ఓపిక.

"హజీరా ఆపా, తీర పొద్దుగూకినంక జట్కా దింపితే, సందు మొకాన దింపుతరా, ఇంటి కాడ్నా?" అని ఒకామె అడిగింది.

"అడుగుత."

"నిరుడైతే పొద్దుగూకినంక బయట ఉండుడు నువ్వే వద్దందువు" అంది ఇంకొకామె. నిందగా అనలేదు. గుర్తుకొచ్చి అన్నది.

రసూల్ బీ తల బాదుకుంది. "నన్ను తిట్టరాదె హజీరా! ముసల్దాన్ని, బుద్ధి లేక చేసిన. నా చెప్పులతోనే నన్ను కొట్టు."

"ఊకో ఫుప్పూ" అంది హజీరా మేనత్తతో. తిట్టడానికి కూడా ఓపిక కావాలి.

ఒక్కొక్కరే లేచారు. మైనం పూసిన దారాలు ఉండ చుట్టి, దబ్బనాలు డబ్బాలో వేసి, అరచేతులకు కట్టుకున్న తోలు పట్టీలు విప్పి గోడ మేకులకు తగిలించారు. ఎప్పుడూ చేసే పనే. కాని ఆ రోజు పట్టీలు తగిలించిన తీరు చూస్తే మళ్ళీ తీసుకునేవాళ్ళు చేసే పనిలా లేదు. ఈసారి ఎవరి చెప్పులు వాళ్ళు తొడుక్కుని వెళ్ళారు. అందరికంటే ముందు బుర్ఖా వేసుకుని వెళ్ళింది షహర్ బానో. కత్తెర ఆమె కూర్చున్నచోట పడి ఉంది. షహర్ బానో భర్తను కూడా సెప్టెంబరులోనే తీసుకుపోయారు. అతను ఏ జైల్లోనూ లేడు. ఎక్కడా లేడు. ఆమె శుక్రవారాలు ఎక్కడికీ పోదు.

మర్నాడు పొద్దున రైల్వే కార్ఖానా కూత కూసింది. హజీరా ఆ సరికే రొట్టెలు చేసి గుడ్డలో మూట కట్టింది. అందరికీ సరిపోయేన్ని. కిత్తాను మడతలు వాకిట్లో పెట్టింది. పరదా కిందనున్న జానెడు సందులోంచి మెట్టు కనపడుతుంది. మెట్టు ఖాళీగా ఉంది.

ఆమె పట్టీలు లెక్కపెట్టలేదు. గోడ వంకే చూడలేదు. రొట్టెల మూట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. వేడి తగ్గుతూ తగ్గుతూ గుడ్డ చల్లబడింది. ఎవరూ రారని ఆమెకు నిన్ననే తెలుసు. రమ్మని బతిమాలడానికి ఇళ్ళకు పోవచ్చు. పోయి ఏమని అడగాలి? నా మొగుడు రావడానికి మీరు మీ మగవాళ్ళను చూసుకోవడం మానుకోండి అనా?

"నేనొక్కదాన్ని పోత" అంది రసూల్ బీ. ఆమెకు దబ్బనంలోకి దారం ఎక్కించడానికే కళ్ళు ఆనవు.

అప్పుడు మెట్టు మీద ఒక జత చెప్పులు విడిచిన చప్పుడైంది. షహర్ బానో లోపలికి వచ్చింది. ముసుగు ఎత్తలేదు. నేల మీద కూర్చుంది.

"నువ్వొచ్చినవా?" అంది హజీరా. అందరిలోకీ ఎక్కువ భయపడేది షహర్ బానోనే. పక్కింటి తలుపు కొట్టినా ఆమె లేచి నిలబడుతుంది.

"ఆపా, ఒక మాట చెప్పి లేస్త. చెప్పినంక నన్ను ఏం అడగొద్దు."

"చెప్పు."

"ఆ దినం మా ఇంటికి సిపాయిలు వచ్చినప్పుడు వాళ్ళకు మా భాష రాదు. ఏ ఇల్లో వాళ్ళకు తెల్వదు. తలుపు అవుతల ఒకాయన నిలవడి చూపిచ్చిండు. నేను ఆయన మొకం చూడలే. తలుపు ఎనకనే ఉన్న. ఈ ఇల్లే, అన్నడు. మల్ల నాలుగడుగులు పోయి, మీ ఇంటి కాడ సుత అన్నడు. ఈ ఇల్లే అని." ఆమె ముసుగు ఇంకా కిందికి లాక్కుంది. "ఆ గొంతే నిన్న మల్ల విన్న."

హజీరాకు ఎండలో మెరుస్తున్న మజ్జిగ చెంబు గుర్తుకొచ్చింది. కడిగి, బోర్లించి, శుభ్రంగా.

"ఆయన తల్లి కాలిపోయిందంట" అంది షహర్ బానో. "ఎవలో కాలబెట్టిన్రు. ఎవలో మనోళ్ళు. మా ఆయన కాదు, ఇమామ్ భాయ్ కాదు. ఆయనకు అన్ని ఇండ్లు ఒక్కతీరు కనవడ్డయేమో ఆపా."

"సేఠ్‌కు తెలుసా?"

"నాకేం ఎరిక! నువ్వు అడగకు. సోమవారం దాక నువ్వేం అడగకు. ఆయన జామీను నిలబడాలె, ఇమామ్ భాయ్ రావాలె. ఒక్క ఇంటికన్న మనిషి రావాలె. నేను పోత షెడ్డుకు. ఆయన ముంగటనే కూసోని కుడత. ఆరింటి దాక కుడత."

హజీరా ఆమె చేతులు పట్టుకుంది. ఈ మనిషిని ఆ జట్కా ఎక్కించి పంపాలి. పంపితే ఇమామ్ వస్తాడు. వచ్చి, ఎట్లా వచ్చానని అడుగుతాడు.

సందులో గుర్రపు డెక్కల చప్పుడు వినపడింది. వాకిలి ముందు ఆగింది. పరదా కింద రెండు ఉత్తకాళ్ళు కనపడ్డాయి. యాదగిరికి చెప్పులు లేవని హజీరా మొదటిసారి చూసింది.

అతను మెట్టు వంక చూస్తున్నట్టున్నాడు. షహర్ బానో లేవబోయింది. హజీరా ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. తరవాత వంగి, పరదా కింద నుంచి చెయ్యి బయటికి చాచి, ఆ ఒక్క జత చెప్పులూ లోపలికి లాక్కుంది. పరాయి మగవాడి ఎదట ఆమె చెయ్యి మణికట్టు దాకా బయటపడటం పెళ్ళయ్యాక అదే మొదలు.

"ఇయ్యాల మావోళ్ళు ఎవలు వస్తలేరు" అంది. "సేఠ్‌కు చెప్పు. పని ఇక్కడనే, అసర్ దాకనే. ఇష్టం ఉంటే కిత్తాను పంపుమను."

మెట్టు మీద ఇక లెక్కపెట్టడానికి ఏమీ లేదు. ఆ ఉత్తకాళ్ళు అయినా కదల్లేదు. లోపల రసూల్ బీ గుండె మీద కొట్టుకుంటోంది, చప్పుడు కాకుండా. సోమవారం పోయింది. ఇమామ్ ఇక రాడు. హజీరా తన చేతులతోనే పోగొట్టుకుంది, ఒక జత పాత చెప్పుల కోసం.

"అట్లనే చెప్త" అంది ఆ మెత్తని గొంతు. వెళ్ళిపోతాడనుకుంది హజీరా.

అతను వెళ్ళలేదు.

"అవి షహర్ బానో చెప్పులు గదమ్మా" అన్నాడు.

హజీరా చేతిలో చెప్పులు అట్లాగే ఉండిపోయాయి. ఇన్నేళ్ళలో ఆ గడప దాటి ఒక్క ఆడమనిషి పేరు కూడా బయటికి పోలేదు.